పోర్టు ధూళి, పెరట్లో సీసం: విశాఖ వన్‌టౌన్ తల్లి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది విశాఖపట్నం వన్‌టౌన్, కోటవీధి దగ్గర. మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి పడుతుంది. గచ్చు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. మా బాబుకి మూడేళ్లు. చేతులు ఎప్పుడూ నోట్లోనే. మట్టి, గోడ పెచ్చులు తింటాడు. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. హెల్త్ సెంటర్‌లో చూస్తే హిమోగ్లోబిన్ 9.2 అన్నారు. పోర్టు ధూళిలో సీసం ఉందని, జింక్ ఫ్యాక్టరీ సీసం కూడా ఇంకా గాల్లోనే ఉందని, పిల్లల మెదడు దెబ్బతింటుందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. ఇల్లు మారాలా? ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా? ఒంట్లో సీసాన్ని కడిగేసే ఆయుర్వేదం మందు ఉందంటున్నారు, వాడొచ్చా? చేపలు పెట్టొచ్చా? మా ఆయన బోటు మీద వెళ్తారు. మావయ్యగారు ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తూ, పెరట్లో పాత బ్యాటరీల సీసం కరిగించి, వల నీళ్లలో మునగడానికి కట్టే గుళ్లు పోస్తుంటారు. ఆయనకీ ఈమధ్య కడుపునొప్పి, దగ్గు. అదీ పోర్టు ధూళి వల్లేనా? నా పేరు వేయొద్దు.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో పోర్టు గురించి చాలా రాశారు. మావయ్యగారి దగ్గు గురించి చెబుతూ, పెరట్లో బ్యాటరీల సీసం కరిగిస్తారని ఒక్క వాక్యంలో దాటేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. కానీ ఈ ఉత్తరం చదివిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. పెరట్లో ఆ పొయ్యి ఆపించండి, బాబుని పెరట్లోకి వెళ్లనివ్వకండి. ఆ తర్వాత తీరిగ్గా మిగతాది చదవండి.

ఎందుకంత తొందరో చెబుతాను. ధూళి, సీసం అనేవి రెండు వేరు వేరు సమస్యలు. వాట్సాప్ మెసేజ్ వాటిని కలిపి ఒకటి చేసేసింది. మీ మేడ మీద పడే నల్లపొడిలో ఎక్కువ భాగం బొగ్గు. పోర్టు యార్డుల్లో బొగ్గు గుట్టలుగా పోసి ఉంటుంది. దించేటప్పుడు, లారీలకు ఎత్తేటప్పుడు, వ్యాగన్లలో నింపేటప్పుడు గాలికి లేస్తుంది. ఇనుప ఖనిజం, మాంగనీసు ఖనిజం కూడా అక్కడి నుంచే వెళ్తాయి కాబట్టి కొన్ని రోజులు పొడి ఎర్రగా కూడా ఉంటుంది. బొగ్గులో సీసం ఉండదా అంటే, ఉంటుంది. కిలో బొగ్గులో కొన్ని మిల్లీగ్రాములు, ఎక్కువైతే కొన్ని పదుల మిల్లీగ్రాములు. అంటే ఒక గ్రాము బొగ్గుపొడి బాబు కడుపులోకి పోయినా అందులో సీసం మైక్రోగ్రాముల (గ్రాములో పది లక్షల వంతు) లెక్కలోనే ఉంటుంది. పాత బ్యాటరీ పగలగొడితే పలకల మీద బూడిదరంగులో, గోధుమరంగులో ఒక ముద్ద ఉంటుంది చూడండి, అందులో సగానికి పైగా సీసమే. అది ఎండి పొడి అయితే, ఒక గ్రాములో లక్షల మైక్రోగ్రాముల సీసం. పోర్టు నుంచి వచ్చే పొడి కిలో ఉన్నా ఆ చిటికెడు పొడికి సాటి రాదు.

సీసం కేవలం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే ఇంటి పొయ్యి మీద, పాత మూకుడులో కూడా పని అయిపోతుంది. తేలికైన పని కదా అని ఎవరికీ భయం ఉండదు. కరిగిన సీసం మీద తెట్టులా తేలే బూడిద ఉంటుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పారేస్తారు. అసలు ముప్పు అదే. అచ్చులో పోసిన గుండు గట్టిగా ఉంటుంది, చేతికి అంటేది తక్కువ. ఆ తెట్టు, బ్యాటరీ ముద్ద మాత్రం మెత్తటి పొడి అయి నేలలో కలుస్తాయి, చెప్పులకు అంటుకుంటాయి, లుంగీ మడతల్లో ఇంట్లోకి వస్తాయి. బ్యాటరీ నుంచి ఒలకబోసిన యాసిడ్‌లోనూ సీసం ఉంటుంది. మంట బాగా పెంచితే కంటికి కనిపించని పొగ రూపంలో గాల్లోకి కూడా లేస్తుంది. ఇప్పుడు మీ బాబు తినే మట్టి ఎక్కడిదో ఆలోచించండి.

ఇది నేను భయపెట్టడానికి రాయడం లేదు. ఆఫ్రికాలో సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో, సముద్రం ఒడ్డున చారోయ్-సుర్-మేర్ అనే చోట పాత కారు బ్యాటరీల సీసం తీసే పని ఏళ్ల తరబడి జరిగింది. తర్వాత ఆ మట్టిలో మిగిలిన సీసానికీ ధర పలకడంతో జనం మట్టిని తవ్వి, జల్లెడ పట్టి, బస్తాల్లో ఇళ్లకు తెచ్చుకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు అక్కడ 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. వాళ్లను చంపింది ఏ పెద్ద ఫ్యాక్టరీ పొగగొట్టమో కాదు. మీ పెరట్లో జరిగేది అంత పెద్ద స్థాయిలో కాదు, ఆ మాట కచ్చితంగా చెప్పగలను. పని తీరు మాత్రం అదే.

పిల్లల విషయంలోనే ఎందుకు ఇంత పట్టింపు అంటే, పెద్దవాళ్లు మింగిన సీసంలో పదో వంతు అటూ ఇటూగా ఒంటికి పడుతుంది, చిన్నపిల్లల్లో సగం దాకా పట్టేయొచ్చు. ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా సరిగ్గా తెలియదు. కాల్షియం వెళ్లే దారిలోనే సీసాన్నీ లోపలికి రానిస్తుంది, ఎముకల్లో దాచుకుంటుంది. ఇనుము తక్కువున్న పిల్లల్లో ఈ పట్టడం ఇంకా ఎక్కువ. మీ బాబు హిమోగ్లోబిన్ 9.2. ఆ వయసుకి 11 ఉండాలి. రక్తహీనత ఉన్న పిల్లలకి మట్టి తినాలనిపిస్తుంది. మట్టి తింటే సీసం లోపలికి పోతుంది. సీసం రక్తం తయారీకి అడ్డుపడుతుంది. ఇది ఒకదాన్నొకటి పెంచుకునే చక్రం. మాటలు ఆలస్యం కావడానికి మాత్రం సీసం ఒక్కటే కారణమని అనుకోకండి. రక్తహీనత, వినికిడి, ఇంకా చాలా ఉంటాయి. చెవులు కూడా పరీక్ష చేయించండి, చాలామంది తల్లిదండ్రులు దాన్ని మర్చిపోతారు.

ఇక రక్త పరీక్ష. బాబు రక్తంలో సీసం ఎంతుందో చెప్పే పరీక్ష ఉంది, 'బ్లడ్ లెడ్' అంటే డాక్టర్లకు తెలుస్తుంది. పిల్లల డాక్టరుని కలిసి, పెరట్లో బ్యాటరీల సీసం కరిగిస్తారన్న సంగతి మొదటి మాటగా చెప్పండి. 'మా ఏరియాలో పొల్యూషన్ ఎక్కువ డాక్టర్‌గారూ' అంటే ఆయన దగ్గు మందు రాసి పంపుతారు. పెరట్లో బ్యాటరీలు అంటే కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌లో పిల్లల విభాగానికి వెళ్లినా సరే, ప్రైవేటుకి వెళ్లినా సరే. అన్ని ల్యాబులూ ఈ పరీక్షను సొంతంగా చేయవు, శాంపిల్‌ను పెద్ద ల్యాబ్‌కి పంపుతాయి, ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. రక్తం నరం నుంచే తీయించండి. వేలిని గుచ్చి తీస్తే, వేలి మీదున్న సీసం పొడి కలిసి లేనిపోని అంకె రావచ్చు. ముఖ్యంగా మీ ఇంట్లో.

రిపోర్టు చేతికి వచ్చాక ముందు యూనిట్ చూడండి. డెసిలీటర్‌కు (100 మిల్లీలీటర్లకు) మైక్రోగ్రాములా, లీటర్‌కా? లీటర్‌కు 50 అన్నా, డెసిలీటర్‌కు 5 అన్నా ఒకటే. ఇది తెలియక రెండు రకాలుగానూ పొరబడతారు, కొందరు అనవసరంగా ఏడుస్తారు, కొందరు అనవసరంగా ఊపిరి పీల్చుకుంటారు. ఇకపై నేను చెప్పే అంకెలన్నీ డెసిలీటర్ లెక్కలో. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగలిగే సురక్షిత స్థాయి పిల్లల విషయంలో లేదు. అయితే 5, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అమెరికాలో ఆ గీతను అదే ఏడాది 5 నుంచి 3.5కి దించారు. ఒకప్పుడు అక్కడ 10 దాకా పట్టించుకునేవాళ్లు కాదు. 45, అంతకు పైన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ స్థాయిలో సీసాన్ని పట్టి మూత్రం ద్వారా బయటకు పంపే మందులు ఇస్తారు, డాక్టర్ల కళ్లముందే ఇవ్వాలి. అంతకు తక్కువైతే సాధారణంగా మందు ఇవ్వరు. సీసం వచ్చే దారి మూసేయడమే వైద్యం. మందు రాయలేదని డాక్టరుని మార్చకండి. వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, మగతగా ఉండటం, ఫిట్స్ ఇలాంటివి కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఎదురుచూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

దారి మూసేశాక రక్తంలో సీసం నెమ్మదిగా తగ్గుతుంది. రక్తంలో ఉన్నది సగానికి పడటానికి సుమారు నెల పడుతుంది. ఎముకల్లో దాగినది మాత్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెం వదులుతూ ఉంటుంది. కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకి రెండోసారి పరీక్ష చేయించాలి. ఒక్కసారి తగ్గిందని మానేయకండి.

ఆ ఆయుర్వేదం మందు మాట. సీసాన్ని కడిగేస్తుందని చెప్పే ఏ పొడినీ, లేహ్యాన్నీ బాబుకి పెట్టొద్దు. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, కానీ లోహాలు, ఖనిజాలతో చేసే రస ఔషధాల్లో నాగభస్మం అని ఒకటుంది, అది సీసంతోనే చేస్తారు. సీసం పోగొట్టడానికి ఏం కలిపారో తెలియని పొడి మింగడం నాకు అర్థం కాని తెలివి. బజార్లో దొరికే సుర్మాల్లోనూ సీసపు ఖనిజం ఉండొచ్చు. బాబు కళ్లకి కాటుక కూడా మానేయండి, దిష్టి చుక్క పాదం మీద పెట్టుకున్నా సరిపోతుంది కదా. పసుపు మాత్రం కొమ్ములు కొని ఆడించుకోండి. రంగు బాగా రావాలని విడి పసుపులో సీసం ఉన్న రంగు కలిపిన కేసులు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి.

గోడ పెచ్చులు తింటాడని రాశారు. సున్నం గోడైతే అంత భయం లేదు. కానీ వన్‌టౌన్‌లో పాత ఇళ్ల తలుపులకి, కిటికీ కమ్మీలకి ఏళ్ల కిందటి ఆయిల్ పెయింటు పొరలు పొరలుగా ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలు. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో సీసం దండిగా ఉండేది. ఊడుతున్న చోట గీకకండి, గరుకు కాగితం పెట్టి రుద్దకండి. గీకితే పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పైన కొత్త రంగు మందంగా వేయించండి, లేదా కనీసం బాబుకి అందే ఎత్తు వరకు ఏదైనా అంటించి మూసేయండి.

జింక్ ఫ్యాక్టరీ సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతాను. మింది దగ్గరున్న హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ 1970ల చివర్లో మొదలైంది, అక్కడ కొన్నేళ్లు సీసం కూడా తీశారు. 2012లో మూతపడింది. మూతపడిన పొగగొట్టం నుంచి ఇవాళ గాల్లోకి సీసం రాదు. కానీ సీసం కుళ్లిపోయే వస్తువు కాదు, నేలలో పడ్డది నేలలోనే ఉంటుంది. ఆ చుట్టుపక్కల మట్టి పరీక్ష చేయించమని అడిగే హక్కు అక్కడి వాళ్లకుంది. మీ ఇల్లు హార్బర్‌కి ఇవతల, చాలా దూరంలో ఉంది. అలాగే 2000 ఫిబ్రవరి వరకు మన పెట్రోల్‌లోనూ సీసం కలిపేవాళ్లు. పెద్ద రోడ్ల పక్క మట్టిలో ఆ అవశేషం ఇంకా ఉండొచ్చు. రోడ్డు పక్కన మట్టిలో ఆడి వచ్చినా చేతులు కడిగించడం మంచిదే.

ఇదంతా చదివి పోర్టుని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. సీసం లేకపోయినా ఆ ధూళి ధూళే. మీ గుడ్డని నల్లగా చేసే పెద్ద రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. కంటికి కనిపించని చిన్నవి లోపలికి పోతాయి. పీఎం 10 అంటే పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న రేణువులు. పీఎం 2.5 ఇంకా చిన్నవి, ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తాయి. ఇవి బొగ్గు యార్డు నుంచి కంటే మంటల నుంచి ఎక్కువ వస్తాయి. రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, లారీలు, ఓడలు, చెత్త తగలబెట్టడం, అన్నీ కలిపి. మన ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు పీఎం 10 ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినవి 45, 15. ఎంత తేడానో చూడండి. మన లెక్కలో 'బాగానే ఉంది' అన్న రోజు కూడా పిల్లల ఊపిరితిత్తులకు బాగాలేని రోజు కావచ్చు. 2019లో కేంద్రం గాలి శుద్ధి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఒకవైపు కైలాసగిరి, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో ఊరు. చలికాలం రాత్రుళ్లు గాలి కదలక పొగ ఆ మధ్యలోనే ఆగిపోతుంది. ఎండాకాలం నుంచి వానలు ముగిసేదాకా నైరుతి గాలి యార్డుల పొడిని జ్ఞానాపురం వైపుకీ, పాత ఊరి ఇళ్ల మీదకీ తెస్తుంది. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వాళ్లని అడిగితే ఏ నెలలో కిటికీ మూయాలో క్యాలెండర్ చూడకుండా చెబుతారు.

మీరు ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూస్తుంటే ఒక సంగతి. ఆ అంకె కోసం లెక్కలోకి తీసుకోవాల్సిన ఎనిమిది కాలుష్యాల్లో సీసం పేరు ఉంది. కానీ గాల్లో సీసాన్ని అప్పటికప్పుడు మామూలు మెషిన్ చెప్పలేదు, ఫిల్టర్ కాగితం మీద పట్టి ల్యాబ్‌లో తేల్చాలి. అందుకే ఫోన్‌లో కనిపించే అంకెలో సీసం ఉండదు. ఏక్యూఐ 60 చూపించిందని సీసం లేదని కాదు, 180 చూపించిందని సీసం ఉందని కాదు. గాల్లో సీసానికి మన ఏడాది ప్రమాణం ఘనపు మీటరుకి 0.5 మైక్రోగ్రాము. మీ ప్రాంతంలో అది ఎంత కొలిచారో కాలుష్య నియంత్రణ మండలిని సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'కాలుష్యం ఎంత ఉంది?' అని అడిగితే పనికిరాని జవాబు వస్తుంది. వన్‌టౌన్‌కి దగ్గరున్న స్టేషన్ ఏది, గత మూడేళ్లలో ఏ తేదీల్లో పీఎం 10తో పాటు సీసం, ఆర్సెనిక్, నికెల్ కొలిచారు, ఒక్కో ఫలితం ఎంత, యార్డుల్లో నీళ్లు చల్లడం, గుట్టలపై టార్పాలిన్ కప్పడం వంటి షరతులు ఏవి, చివరిసారి తనిఖీ ఎప్పుడు, ఇలా విడివిడిగా అడగండి. వీధిలో పదిమంది సంతకాలతో వెళ్తే ఇంకా మేలు. మేడ మీద ఒక తెల్లటి పళ్లెం పెట్టి రోజూ ఒకే టైముకి ఫోటో తీసి తేదీతో దాచుకోండి. అది శాస్త్రీయ కొలత కాదు, అధికారి ముందు పెట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇల్లు మారాలా అన్నదానికి నా జవాబు, ఇప్పుడే వద్దు. మావయ్యగారు, పొయ్యి, అచ్చులు, ఆ మూకుడు కూడా మీతోపాటే కొత్త ఇంటికి వస్తే మారి ప్రయోజనమేంటి? బాబుకి ఉబ్బసం ఉందని డాక్టరు తేలిస్తే అప్పుడు యార్డుకి దూరంగా వెళ్లడం గురించి ఆలోచించాలి. ప్యూరిఫయర్ కూడా ముందు వద్దు. మంచి హెపా ఫిల్టర్ ఉన్నది గదిలో సన్న ధూళిని తగ్గిస్తుంది, నిజమే. కిటికీలు మూసి ఉంటేనే. మన ఉక్కపోతలో కిటికీలు మూసి ఎంతసేపుంటారు? ఆ డబ్బుతో రక్త పరీక్షలు, పెరట్లో సిమెంటు పని అయిపోతాయి. పొడి ఎక్కువ లేచే టైములో యార్డు వైపు కిటికీ మూయండి, చీపురుతో ఊడ్చడం మాని తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డను వంటగది సింకులో పిండకండి, చెప్పులు గుమ్మం బయటే. తినే ముందు, పడుకునే ముందు బాబు చేతులు సబ్బుతో కడగండి. శానిటైజర్ సీసాన్ని తీయదు.

చేపలు పెట్టండి, మానొద్దు. పాదరసంలా సీసం పెద్ద చేపల కండలో పోగుపడుతూ పోదు. పైగా నెత్తళ్లు లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా తింటే కాల్షియం, అదే బాబుకి కావాల్సింది. యార్డుల దగ్గర నేల మీద ఎండబెట్టిన ఎండు చేపలు మాత్రం రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. గుడ్డు, మునగాకు, రాగి జావ, నువ్వులుండ, వారంలో ఒకసారి కాలేయం, తిన్న వెంటనే ఒక జామ ముక్కో ఉసిరికాయో. విటమిన్ సి ఉంటే ఇనుము బాగా పడుతుంది. భోజనంతో టీ ఇవ్వకండి. ఉదయం ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంచకండి, ఖాళీ కడుపుకి సీసం ఎక్కువ పడుతుంది. ఐరన్ సిరప్, నులిపురుగుల మందు హెల్త్ సెంటర్‌లోనే ఇస్తారు.

ఇప్పుడు పెరడు. బాబుని ఓ పదిరోజులు మీ పుట్టింటికి పంపే వీలుంటే ఈ పనికి ముందు పంపండి. మీరు గర్భంతో ఉంటే ఈ శుభ్రం చేసే పనికి మీరు అసలు దగ్గరికి వెళ్లొద్దు, మీ ఆయనతో చేయించండి. మిగిలిన బ్యాటరీలు, పలకలు, తెట్టు, అన్నీ గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఉంచాలి. పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత వాటిని తయారుచేసి అమ్మే కంపెనీలపై ఉంది, అవి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. వీధి చివర పగలగొట్టే వాడికి అమ్మితే ఇంకొకరి పిల్లలకి చేరుతుంది. నేల మీద నీళ్లు చల్లి తడిపి, పై మట్టిని పారతో ఎత్తి సంచుల్లో కట్టాలి. ముక్కుకి మంచి ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు. ఆ సంచులను ఎక్కడ పడేయాలో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడగండి, చెత్త బండిలో, సముద్రం ఒడ్డున వేయొద్దు. తర్వాత పైన సిమెంటు గచ్చు వేయించేస్తే దుమ్ము లేవదు. కరిగించిన మూకుడు, గరిటె ఎంత తోమినా మళ్లీ వంటకి రాకూడదు. ఆ పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. పక్కింటి పిల్లలు మీ పెరట్లో ఆడేవాళ్లయితే వాళ్ల అమ్మలకి కూడా చెప్పండి. సిగ్గుగా ఉంటుంది, తెలుసు.

మావయ్యగారి కడుపునొప్పికి పోర్టు ధూళి కారణం కాకపోవచ్చు. దగ్గుకి చాలా కారణాలుంటాయి, విడిగా చూపించాలి. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, కీళ్ల నొప్పులు, బీపీ, ఇవన్నీ సీసంతో పనిచేసేవాళ్లలో కనిపించేవే. ఆయన రక్తం కూడా బాబుతో పాటే పరీక్షకి పంపండి. వీలైతే మీది కూడా. ముఖ్యంగా ఇంకో బిడ్డ కావాలనుకుంటే. ఎముకల్లో దాగిన సీసం గర్భంలో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి వచ్చి బిడ్డకి చేరుతుంది.

ఆయనకి ఎలా చెప్పాలన్నది మీకు ఇంతకంటే పెద్ద కష్టమని నాకు తెలుసు. జీవితమంతా చేసిన పని అది. ఆయన తండ్రి కూడా చేసి ఉంటారు, 'మాకేమైంది?' అంటారు. మీరు చెప్పకండి. మీ ఆయన బోటు దిగి ఇంటికొచ్చిన రోజు ఆయనతో చెప్పించండి. 'నీ వల్ల బాబుకి జబ్బు వచ్చింది' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. రిపోర్టు ఇంకా రాలేదు, వచ్చినా ఆ మాట అబద్ధమే అవుతుంది, ఆయన తెలిసి చేసింది కాదు. 'నీ కడుపునొప్పికి డాక్టరు ఈ పరీక్ష అడుగుతున్నాడు నాన్నా, బాబుకి కూడా అదే రాశాడు, ఇద్దర్నీ కలిపి తీసుకెళ్దాం' అంటే ముందు ఆసుపత్రి దాకా వస్తారు. వల గుళ్లు రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చు, ఖర్చు కొంచెం ఎక్కువే. వల అల్లే పని, కుట్టే పని, వలకి గుళ్లు కట్టే పని ఆయన చేతిలోనే ఉండనివ్వండి, తొడుగులు వేసుకుని, ఇంటి లోపల కాకుండా. కరిగించడం ఒక్కటే మానాలి. గుళ్లు నోట్లో పెట్టుకుని పళ్లతో నొక్కి బిగించే అలవాటు ఉంటే అది కూడా.

రిపోర్టులు వచ్చాక అంకెలు, యూనిట్లతో సహా నాకు మళ్లీ రాయండి. పెరట్లో మట్టి ఎంతవరకు తీశారో కూడా రాయండి.